మెట్టు మునిగితే పడవ కట్టెయ్యాలి

(గోదావరి డెల్టాలోని ఒక లంక గ్రామంలో, వరదల కాలానికి ముందు ఏటిగట్టు కాపలాకు పేర్లు ఇచ్చిన యువకుల కోసం ఊరి బడిలో సభ పెట్టారు. అక్కడ ఈ ఊరి మనిషే, ధ్రువ ప్రాంతాల్లో ఇరవై రెండు సీజన్లు యాత్రలు నడిపిన గైడ్, చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు పోకుండా రాశాం.)

అందరికీ నమస్కారమండి. పెద్దలకు, అమ్మలకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు కూడా.

ఈ బడి డాబా మీద నేను 1986 ఆగస్టులో తొమ్మిది రాత్రులు పడుకున్నాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. కింద గదుల్లో నడుము లోతు నీళ్ళు. పైన మనుషులు, మేకలు, బియ్యం బస్తాలు, పురుడు పోసుకుని వారం కూడా కాని ఒక బాలింత. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పోయాయని తర్వాత తెలిసింది. డాబా మీద ఉన్న మాకు క్యూసెక్కులు తెలియవు. కింద మెట్లు ఎన్ని మునిగాయో లెక్కపెట్టుకునేవాళ్ళం.

సర్పంచ్ గారు ఫోన్ చేసి, "దక్షిణ ధ్రువం కబుర్లు చెప్పండి, మన కుర్రాళ్ళకు ధైర్యం వస్తుంది" అన్నారు. కబుర్లు చెబుతాను. ధైర్యం మన కుర్రాళ్ళకు ఇప్పటికే ఉంది. 2022 జులైలో వరద వచ్చినప్పుడు రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగింది మీరే కదా. నేను చెప్పాలనుకున్నది హద్దు గురించి. ఎక్కడ ఆగాలో ఎప్పుడు నిర్ణయించుకోవాలి, ఎవరు చెబితే ఆగాలి, ఆగిన తర్వాత ఆ ఎదురుచూపును ఎలా గడపాలి. ఇరవై రెండేళ్ళు మంచులో తిరిగి నేను నేర్చుకున్నది ఇంతే. అందులో సగం ఈ రేవులోనే నేర్చుకున్నానని ఆలస్యంగా తెలిసింది.

మా తాతయ్య ఈ రేవులో సరంగు. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇంజిన్ లేని నాటు పడవ. లోతు తక్కువ ఉంటే గెడ, ఎక్కువైతే తెడ్డు, గాలి కలిసొస్తే తెరచాప. పాత రేవుకు పదకొండు మెట్లు ఉండేవి. పైనుంచి నాలుగో మెట్టు మీద తాతయ్య సున్నంతో ఒక గీత గీసేవాడు. ప్రతి ఎండాకాలం, గోదారి అడుగంటి ఇసుక తిన్నెలు తేలినప్పుడు, సున్నం కలుపుకుని వెళ్ళి గీసేవాడు. ఆ మండుటెండలో అది చూస్తే ఎవరికైనా అనవసరమైన పనే అనిపిస్తుంది. నీళ్ళు ఆ గీతను తాకిన రోజు పడవను రావిచెట్టుకు కట్టేసి ఇంటికి వచ్చేసేవాడు.

ఒక శ్రావణంలో పెళ్ళివారు వచ్చారు. పెళ్ళికూతురు అవతలి గట్టున ఉంది, ముహూర్తం రాత్రికి. నీళ్ళు గీత మీదికి నాలుగు వేళ్ళు వచ్చాయి, అంతే. నాలుగు వేళ్ళకు ఏమవుతుంది? రెట్టింపు ఇస్తామన్నారు. బతిమాలారు. కోప్పడ్డారు. తాతయ్య తలపాగా తీసి భుజం మీద వేసుకుని అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "బాబుగారూ, ఆ గీత నేను ఎండాకాలంలో గీశానండి. అప్పుడు నా బుర్ర నా దగ్గర ఉంది. ఇప్పుడు అది మీ మాట వింటుంది. అందుకని నేను గీత మాట వింటాను."

పెళ్ళి మరో ముహూర్తానికి జరిగింది. ఆ ఇంటివాళ్ళు మాతో ఏడాది పాటు మాట్లాడలేదు. తాతయ్య దాని గురించి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ధవళేశ్వరం దగ్గర కూడా అదే పద్ధతి కదండీ. 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఎగువన భద్రాచలంలో 43 అడుగులు, 48, 53. ఈ అంకెలను వరద రోజున ఎవరూ బేరమాడి పెట్టలేదు. ఎవరో ఇంజినీర్లు ఏ ఒత్తిడీ లేని రోజున, పాత లెక్కలు ముందేసుకుని కూర్చుని పెట్టారు. ఆ రోజు వాళ్ళ బుర్ర వాళ్ళ దగ్గర ఉంది.

ఇప్పుడు మంచు సంగతికి వస్తాను.

నేను సరుకు ఓడల్లో పనిచేసి, ఆ తర్వాత యాత్రల ఓడల్లోకి మారాను. నవంబరు నుంచి మార్చి దాకా అంటార్కిటికా, మే నుంచి సెప్టెంబరు దాకా ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవులు. అర్జెంటీనా చివర ఉషుయాయా అనే ఊరి నుంచి ఓడ బయలుదేరుతుంది. డ్రేక్ జలసంధి దాటడానికి సుమారు రెండు రోజులు. ఓడ వంగితే గోడ మీద నడుస్తున్నట్టు ఉంటుంది. అటు వైపు చేరాక ఓడ నుంచి రబ్బరు పడవల్లో పది మందిని చొప్పున ఒడ్డుకు దించుతాం. ఒకసారికి ఒడ్డు మీద వంద మందికి మించకూడదు, పెంగ్విన్లకు ఐదు మీటర్ల దూరం ఉండాలి, బూట్లు కడిగి దిగాలి, కడిగి ఎక్కాలి. స్వాల్‌బార్డ్‌లో అయితే తెల్ల ఎలుగుబంట్లు ఉంటాయి కాబట్టి ముందు గైడ్ దిగి చుట్టూ చూడాలి, తుపాకీ లేకుండా అడుగు వెయ్యకూడదు. ఇవి పుస్తకం చదివితే వచ్చే విషయాలు.

చిన్నప్పుడు ఈ బడిలోనే మా మాస్టారు ఒక వార్త చదివి వినిపించారు. 1982 జనవరి 9న మనవాళ్ళు మొదటిసారి అంటార్కిటికాలో దిగారని. తర్వాత అక్కడ కట్టిన స్థావరానికి దక్షిణ గంగోత్రి అని పేరు పెట్టారు. మన గోదారిని దక్షిణ గంగ అంటాం కదా, అందుకని అది మన ఊరికి ఏదో చుట్టమైనట్టు అనిపించింది నాకు. ఆ స్థావరం మంచు మీద కట్టింది. కొన్నేళ్ళకే మంచు కప్పేసింది, వదిలేయాల్సి వచ్చింది. తర్వాతి స్థావరం మైత్రిని మంచు లేని రాతి నేల మీద కట్టారు. ఇసుక మీద ఇల్లు కడితే ఏమవుతుందో మన లంకల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ప్రతి ఉదయం ఓడలో గైడ్లందరం పన్నెండు మందిమి కూర్చునేవాళ్ళం. గాలి ఎంత దాటితే ఒడ్డు ఖాళీ చేయాలి, ఎన్నింటికి చివరి పడవ బయలుదేరాలి, అన్నీ బల్ల మీద తేలేవి. నా యాత్రల్లో గాలి హద్దు 25 నాట్లు. మన లెక్కలో గంటకు 46 కిలోమీటర్లు. అది నేనే పెట్టిన హద్దు. దాన్ని నేనే దాటాను. ఆ రోజు సంగతి చెప్పకుండా మిగతాది చెప్పే హక్కు నాకు లేదు.

ఉదయం అద్దంలా ఉంది సముద్రం. నలభై మూడు మంది ఒడ్డు మీద ఉన్నారు. ఒక పెద్దావిడ పెంగ్విన్లను చూస్తూ ఏడుస్తోంది. ఆమె, ఆమె భర్త ముప్పయ్యేళ్ళు ఈ ప్రయాణం కోసం డబ్బు దాచారు, భర్త అంతకు ముందు ఏడాది పోయారు. ఆమె ఒక్కతే వచ్చింది. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడు పడవ నడిపే కుర్రాడు వాకీటాకీలో అన్నాడు, "సార్, గాలి 26." ఫిలిప్పీన్స్ కుర్రాడు, ఇరవై మూడేళ్ళు, మా అందరిలోకి చిన్నవాడు. చూస్తున్నానన్నాను. ఎనిమిది నిమిషాల తర్వాత మళ్ళీ, "సార్, 29." నేను కొంచెం విసుగ్గా, "పది నిమిషాలు ఆగు" అన్నాను.

ఆ పది నిమిషాలు ఎందుకు అడిగానో చాలా రోజులు ఆలోచించాను. ఆ పెద్దావిడ కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంతే నిజం. అందరూ సంతోషంగా తిరిగి వెళ్ళాలి, నా పేరు బాగా చెప్పుకోవాలి. అదీ ఉంది. పెళ్ళివారి రెట్టింపు డబ్బు లాంటిదే, నాకు వేరే రూపంలో వచ్చింది.

అక్కడి గాలి మన తుఫాను గాలి లాంటిది కాదండి. మనకు రెండు రోజుల ముందే ఆకాశం రంగు మారుతుంది, కాకులు చెబుతాయి, రేడియో చెబుతుంది. అక్కడ ఎత్తున ఉన్న మంచు పీఠభూమి మీద చలికి బరువెక్కిన గాలి ఒక్కసారిగా లోయ వెంట సముద్రం మీదికి జారి పడుతుంది. ఏతాం బాన ఒంపినట్టు. పావుగంటలో 45 నాట్లు అయింది. మంచు గడ్డలన్నీ ఆ గాలికి కొట్టుకొచ్చి మేం దిగిన ఒడ్డుకు అడ్డం పడ్డాయి. పడవ ఒడ్డుకు రాలేదు. ఎదురుగా ఓడ కనపడుతూనే ఉంది. వెళ్ళే దారి లేదు.

ఐదు గంటలు ఉన్నాం అక్కడ.

మేం దిగిన ప్రతిసారీ మొదటి పడవలో కొన్ని పీపాలు దించేవాళ్ళం. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, స్టవ్, చక్కెర, బిస్కట్లు. ఏళ్ళ తరబడి అవి దించడం, విప్పకుండానే మళ్ళీ ఎక్కించడం. ఎంత బరువో. కొత్తగా వచ్చిన గైడ్లు ఎందుకు ఈ మోత అని అడిగేవాళ్ళు. ఆ రోజు విప్పాం. అందరినీ టెంట్లలో కుదించి కూర్చోబెట్టాం. అందులో ఒక పెద్దాయన ఉన్నాడు, ఓడ ఎక్కినప్పటి నుంచి ఆపకుండా మాట్లాడే మనిషి. ఆయన మాట్లాడటం మానేశాడు. మా గైడ్లలో ఒకమ్మాయి అది గమనించింది. నేను గమనించలేదు. ఆమె వెళ్ళి చూసేసరికి ఆయన చేతి తొడుగులు తీసేసి కూర్చున్నాడు, చలి లేదంటున్నాడు. చలికి మనిషి దెబ్బతింటే మొదట తూలతాడు, వస్తువులు జారవిడుస్తాడు, మాట ముద్దగా వస్తుంది, విసుక్కుంటాడు, ఆ తర్వాత మౌనంగా అయిపోతాడు. వణుకు ఆగిపోయిందంటే బాగుపడ్డాడని కాదు, ప్రమాదం ముదిరిందని. ఆయన్ని మధ్యలో పెట్టి ఇద్దరు అటూ ఇటూ ఆనుకుని పడుకున్నారు. గోరువెచ్చని చక్కెర నీళ్ళు గుక్క గుక్కగా పట్టించాం.

సాయంత్రం మా కెప్టెన్ ఓడను గాలికి అడ్డంగా తెచ్చి నిలబెట్టాడు. పెద్ద పంటు పక్కన నాటు పడవ వెళితే అలలు తగలవు చూశారా, అలా. ఆ చాటున పడవలు వచ్చాయి. నలభై మూడు మందీ ఓడ ఎక్కారు. ఆ పెద్దాయన మర్నాడు టిఫిన్‌కు వచ్చి మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు నేను బయటికి వెళ్ళి రెయిలింగ్ పట్టుకుని ఏడ్చాను.

ఆ ఉదయం మీటింగులో పన్నెండు మంది ముందు నిలబడి, హద్దు నేను దాటానని, చెప్పినవాడిని విసుక్కున్నానని చెప్పాను. పడవ నడిపే కుర్రాడిని కూడా పిలిపించాను. ఆ రోజు నుంచి నా యాత్రల్లో నియమం మార్చాం: పడవ నడిపేవాడు గానీ, వంటవాడు గానీ, ఎవరైనా "ఆపండి" అంటే అప్పటికప్పుడు ఆగాలి. కారణం ఓడ ఎక్కాక అడగాలి. తర్వాతి ఏళ్ళలో ఆ మాట చాలాసార్లు వినిపించింది. అందులో ఎక్కువసార్లు ఏమీ జరిగేది కాదు. యాత్రికులు నిరాశపడేవాళ్ళు. ఒక్కసారి కూడా అన్నవాడిని నేను తప్పు పట్టలేదు.

పాత యాత్రల చరిత్ర నేను ఆ తర్వాతే శ్రద్ధగా చదివాను. రాత్రిపూట ఓడలో యాత్రికులకు కథలుగా చెప్పేవాడిని గానీ, నా కోసం చదువుకోలేదు అంతవరకు.

అముండ్‌సెన్ అనే నార్వే ఆయన 1911 డిసెంబరు 14న అందరికంటే ముందు దక్షిణ ధ్రువం చేరాడు. ఇది అందరికీ తెలుసు. అదే ఏడాది సెప్టెంబరు 8న ఆయన ఒకసారి తొందరపడి బయలుదేరాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన స్కాట్ బృందం ముందు వెళ్ళిపోతుందని భయం. ఎనిమిది మంది బయలుదేరారు. చలి మైనస్ 50 డిగ్రీలు దాటి దిగిపోయింది. కుక్కలు అల్లాడిపోయాయి. వెనక్కి తిరిగాడు. తిరగడం మంచి నిర్ణయం. కానీ చివరి రోజున తాను కుక్కల బండి మీద ముందు వెళ్ళిపోయాడు, మిగతావాళ్ళు దారిలో చెల్లాచెదురయ్యారు. అందరికంటే వెనక పాదాలు గడ్డకట్టిన ఒక కుర్రాడు ఉన్నాడు. యోహాన్సెన్ అనే అనుభవజ్ఞుడు ఆ కుర్రాడి కోసం వెనక ఉండి, అర్ధరాత్రి దాటాక అతన్ని ఇంటికి చేర్చాడు. మర్నాడు ఉదయం టిఫిన్ బల్ల దగ్గర, నాయకుడు చేయాల్సిన పని ఇది కాదని అందరి ముందూ అనేశాడు.

అముండ్‌సెన్ ఏం చేశాడు? యోహాన్సెన్‌ను ధ్రువానికి వెళ్ళే బృందంలోంచి తీసేశాడు. ఆ కుర్రాడి కింద పెట్టి వేరే వైపు పంపించాడు. ఆ మనిషి మళ్ళీ కోలుకోలేదు. 1913 జనవరిలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అముండ్‌సెన్ ప్రణాళికలో నేర్చుకోవలసింది బోలెడంత ఉంది. దారిలో దాచిన సరుకుకు అడ్డంగా వరసగా జెండాలు పాతించాడు, పొగమంచులో దారి తప్పినా ఏదో ఒక జెండా తగులుతుందని. అది తెలివి. కానీ నాయకుడిగా ఆయన్ను ఆకాశానికెత్తే ప్రసంగం ఎప్పుడు విన్నా నాకు యోహాన్సెన్ గుర్తొస్తాడు. మన గట్టు కాపలాలో నిజం చెప్పిన కుర్రాడిని అందరి ముందు తిడితే, వాడు ఆ రాత్రి మళ్ళీ నోరు తెరవడు. గండి వాడి కళ్ళ ముందే పడుతుంది.

షాకిల్టన్ అని ఇంకొకాయన. 1909 జనవరి 9న ముగ్గురు తోడుతో దక్షిణ అక్షాంశం 88 డిగ్రీల 23 నిమిషాల దాకా వెళ్ళాడు. ధ్రువం ఇంకా సుమారు 180 కిలోమీటర్లు. అప్పటికి మానవుడు ఎవరూ అంత దూరం వెళ్ళలేదు. ముందుకు వెళితే అందుకుంటాడు, తిరిగి రావడానికి తిండి చాలదు. వెనక్కి తిరిగాడు. తిరుగు దారిలో రోజు తిండి పిడికెడు. ఒక ఉదయం తన వంతు బిస్కట్‌ను ఫ్రాంక్ వైల్డ్ అనే తోటివాడి చేతిలో పెట్టాడు, వద్దంటున్నా వినకుండా. వైల్డ్ ఆ బిస్కట్‌ను జీవితాంతం మరిచిపోలేదు.

ఎందుకు చెబుతున్నానంటే, ఏడేళ్ళ తర్వాత అదే వైల్డ్ చేతిలో ఇరవై రెండు మంది ప్రాణాలు ఉన్నాయి. షాకిల్టన్ నాయకుడిగా నడిపిన రెండో యాత్రలో ఆయన ఓడ ఎండ్యూరెన్స్ మంచులో ఇరుక్కుపోయింది. 1915 నవంబరులో మునిగింది. మొత్తం ఇరవై ఎనిమిది మంది నెలల తరబడి మంచు పలకల మీద బతికి, 1916 ఏప్రిల్‌లో మూడు చిన్న పడవల్లో ఎలిఫెంట్ దీవి చేరారు. అక్కడి నుంచి షాకిల్టన్ ఐదుగురిని తీసుకుని ఏడు మీటర్ల పడవలో, 1,300 కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి సహాయం తేవడానికి వెళ్ళాడు. ఆ పడవ ప్రయాణం గురించి అందరూ చెబుతారు. చెప్పవలసిందే. నాకు మాత్రం దీవి మీద మిగిలిన ఇరవై రెండు మంది కథ ఎక్కువ.

వాళ్ళకు ఏం జరుగుతోందో తెలియదు. వెళ్ళిన పడవ మునిగిందో చేరిందో తెలియదు. రెండు పడవలను రాళ్ళ గోడల మీద బోర్లించి దాని కింద పడుకునేవాళ్ళు. ఒక కుర్రాడి కాలివేళ్ళు చలికి చచ్చిపోతే డాక్టర్లు ఆ పడవ కిందే ఆపరేషన్ చేసి తీశారు. నాలుగు నెలలు దాటింది. ఆ నాలుగు నెలలూ వైల్డ్ రోజూ పొద్దున్నే లేచి అందరినీ లేపి, పక్కలు చుట్టి పెట్టుకోమనేవాడు. ఈ రోజు బాస్ రావచ్చు అని. రాలేదు. మర్నాడు మళ్ళీ అదే. 1916 ఆగస్టు 30న, షాకిల్టన్ నాలుగో ప్రయత్నంలో, చిలీ దేశపు యెల్చో అనే చిన్న ఓడ వచ్చింది. అందరూ గంటలోపే ఎక్కేశారు.

ఈ కథ మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదండి. మా అమ్మ గుర్తొచ్చింది. ఈ డాబా మీద తొమ్మిది రోజులూ మా అమ్మ రోజూ పొద్దున్నే మా నలుగురినీ లేపి బొంతలు మడత పెట్టించేది. చుట్టూ నీళ్ళు, ఎక్కడికీ వెళ్ళేది లేదు, బొంతలు మడిచి ఏం చేస్తాం? నేను అడిగాను కూడా. "పడవ వస్తే మడుచుకుంటూ కూర్చుంటావా?" అంది. తర్వాత చెల్లెళ్ళకు తల దువ్వి జడలు వేసేది. రిబ్బన్లు లేవు, చీర అంచు చించి కట్టింది. డాబా మీద ఉన్న మిగతా ఆడవాళ్ళు కూడా మూడో రోజు నుంచి పిల్లలకు తలలు దువ్వడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు. ఏడో రోజున హెలికాప్టర్ నుంచి ఆహారం పొట్లాలు పడితే ఎవరూ ఒకరి మీద ఒకరు పడలేదు. ఆ బాలింతకు ముందు ఇచ్చి, తర్వాత పంచుకున్నారు. ఆ క్రమశిక్షణ జడల దగ్గర మొదలైందని నా నమ్మకం.

ఆ రోజుల్లో మా అటక మీద ఒక గాజు సీసా ఉండేది. అందులో అగ్గిపెట్టెలు, మూతకు మైనం. తాతయ్య పెట్టింది. అటుకులు, బెల్లం, కిరసనాయిలు సీసా పక్కనే. మొదటి హెచ్చరిక వచ్చిన రోజే గొడ్ల పలుపులు విప్పేసి గట్టెక్కించాడు. పక్కింటివాళ్ళు రెండో హెచ్చరిక దాకా చూద్దామన్నారు. వాళ్ళ రెండు గేదెలు రాట నుంచి విడిపించుకోలేక... వద్దులెండి.

ఒక్క మాట షాకిల్టన్ మీద కూడా అనాలి, పెద్దవాడని వదిలేయకూడదు. ఆ ఓడలో మెక్‌నిష్ అనే వడ్రంగి ఉండేవాడు. మంచు మీద పడవలు లాగలేక ఒకరోజు ఎదురుతిరిగాడు, ఓడ మునిగాక నీ ఆజ్ఞ వినక్కర్లేదన్నాడు. అలాంటివాణ్ణి వెనక వదిలితే మిగతావాళ్ళ మనసు పాడు చేస్తాడని షాకిల్టన్ తనతో చిన్న పడవలోకి తీసుకెళ్ళాడు. తెలివైన పని. అసలు ఆ చిన్న పడవ అంచులు ఎత్తు పెంచి, కాన్వాసు కప్పి సముద్రానికి తట్టుకునేలా చేసింది కూడా మెక్‌నిషే. ఆ చేతుల వల్ల అందరూ బతికారు. ఇంటికి వచ్చాక చాలామందికి పతకాలు ఇప్పించాడు గానీ, మెక్‌నిష్‌కు సిఫారసు చేయలేదు. అది అన్యాయం. కష్టంలో అన్న మాటను గట్టెక్కాక లెక్కలోంచి తీసెయ్యాలి. మన కాపలాలో కూడా మూడో రాత్రికి ఎవరో ఒకరు అరుస్తారు. నిద్ర లేక అరుస్తారు. వరద తీశాక ఆ మాట పట్టుకుని వేలాడొద్దు.

(సభలో ఒకరు: "పేర్లు ఇచ్చినవాళ్ళంతా మగపిల్లలేనండి, ఆడపిల్లలు ఏం చేస్తారు?")

మంచి ప్రశ్న అడిగావమ్మా. నేనే ఎత్తుదామనుకున్నాను. 1983లో బయలుదేరిన మన దేశపు మూడో యాత్రలోనే ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళారు, సుదీప్త సేన్‌గుప్తా, అదితి పంత్. ఇస్రో నుంచి మంగళా మణి గారు 2016, 17లో అంటార్కిటికాలోని మన భారతి స్థావరంలో 403 రోజులు ఉన్నారు. యాభై దాటిన వయసులో. ఇందాక చెప్పాను, ఆ పెద్దాయన మౌనాన్ని కనిపెట్టింది మా గైడ్ అమ్మాయే. కాపలాకు కావలసినది కళ్ళు, చెవులు. బస్తా మోయడం తర్వాత. ఈ జాబితాలో ఆడపిల్లల పేర్లు రాయకపోతే సగం కళ్ళు మూసుకుని గట్టు కాస్తున్నట్టు. సర్పంచ్ గారూ, ఇవాళే రాయించండి. కాగితం ఇక్కడే ఉంది కదా.

ఇక గట్టు సంగతి. నాకంటే మీకే బాగా తెలుసు, అయినా చెబుతాను. గట్టు అవతల పక్క, పొలం వైపు, ఊట కనపడితే ముందు నీళ్ళ రంగు చూడండి. తేటగా వస్తుంటే మనిషిని కూర్చోబెట్టి కనిపెట్టండి. బురదగా వస్తుంటే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, వెంటనే కేక వేయండి. వేసినవాడు పదో తరగతి పిల్లాడైనా సరే, పెద్దవాళ్ళు ముందు బస్తాలు ఎత్తాలి. ఎందుకు అరిచావని తర్వాత అడగాలి. ఇద్దరిద్దరుగా తిరగండి. ఒక్కరే ఎక్కడికీ వెళ్ళొద్దు. మంచులో కూడా మేం ఒకరికొకరు తాడు కట్టుకునే నడుస్తాం, పైన గట్టిగా కనపడే మంచు కింద లోతైన పగులు ఉంటుంది. రెండు గంటలకు మించి ఎవరినీ కాపలా పెట్టొద్దు. నిద్ర ముంచుకొచ్చినవాడు నేను బాగానే ఉన్నాననే చెబుతాడు. అతని మాట నమ్మొద్దు, గడియారం నమ్మండి.

ఇంకొకటి ఉంది, దాన్ని తొందరగా చెప్పి ముగిస్తాను. 1996 నవంబరు 6 తుఫాను వచ్చినప్పుడు నేను సముద్రం మీద, వేరే దేశం దగ్గర ఉన్నాను. మన తీరంలో వెయ్యి మందికి పైగా పోయారు. నెలన్నర తర్వాత ఇంటికి వచ్చాను. బస్సు దిగితే మా ఊరు ఎటుందో తెలియలేదు. కొబ్బరి చెట్లు లేవు. ఆకాశం అంతా ఖాళీగా ఉంది. మా నాన్న తోటలో వంగి ఉన్నాడు. పడిపోయిన చెట్ల మొదళ్ళ మధ్య కొబ్బరి మొక్కలు పాతుతున్నాడు. కాపు రావాలంటే ఆరేడేళ్ళు. మధ్యలో అరటి పిలకలు, ఏడాదికే గెల వేస్తాయి, ఆ ఏడాది తిండికి. నేను పక్కన నిలబడితే తల ఎత్తకుండా, "ఆ గునపం ఇలా అందుకో" అన్నాడు. ఇన్నేళ్ళలో ఎక్కడో ఒక చోట మంచులో ఇరుక్కుపోయినప్పుడు నాకు ఆ గునపం గుర్తొచ్చేది. ముందు ఏడాది తిండి, వెనక ఆరేళ్ళ తిండి, రెండూ ఒకే గుంటల వరసలో.

ఇందాక వస్తూ రేవు చూశాను. కొత్తగా సిమెంటు మెట్లు కట్టారు. బాగున్నాయి, జారుడు లేదు. గీత మాత్రం లేదు. ఇప్పుడు ఇంజిన్ పడవలు వచ్చాయి, ఆ రోజుల హద్దు వీటికి సరిపోదని నాకు తెలుసు. ఏ మెట్టు మీద గీయాలో నేను చెప్పకూడదు. ఈ రేవులో పడవ నడిపే అన్నయ్యలు ముగ్గురూ ఇక్కడే ఉన్నారు, వాళ్ళు చెప్పాలి. మృగశిర కార్తె దాటింది, గోదారి ఇంకా అడుగునే ఉంది. నా సంచిలో ఎర్ర పెయింటు డబ్బా, బ్రష్ తెచ్చాను. ఎండ కూడా తగ్గింది. రండి, చీకటి పడకముందే గీసేద్దాం.